సాలెగూడు గుర్తు చిప్పులు

అనగనగా ఏటి ఒడ్డున ఒక అడవి. ఆ అడవిలో జంతువులకు కంప్యూటర్లుండేవి. నవ్వకండి పిల్లలూ, మనకున్నప్పుడు వాటికెందుకుండకూడదు? ఏరు పొంగేముందు బొరియల్లో గంట మోగించి లేపేది ఆ కంప్యూటరే. దాని లోపల గోరంత చిప్పు ఉండేది. ఆ చిప్పును ఏటి ఇసుకతోనే చేసేవారు.

సన్నమ్మ అనే సాలీడు చేసే చిప్పులకు గొప్ప పేరు. ఒకే బట్టీలో కాల్చినా అన్ని చిప్పులూ ఒక్కలా రావు. అందుకే సన్నమ్మ ప్రతి చిప్పునూ రోజంతా మండుటెండలో పెట్టి పనిచేయించేది. నిలిచినదాని మీదే సాలెగూడు గుర్తు వేసేది. తడబడినది గుర్తు లేకుండా ఆటబొమ్మల్లోకి పోయేది. ధర మాత్రం చిప్పుకు బుట్టెడు ఇప్పపువ్వు.

ఇంతలో చెదపురుగుల పెద్ద పుట్టయ్య కొత్త అంగడి తెరిచాడు.

"మా చిప్పు సగం బుట్టకే! కాకపోతే ఎండకు ఆగదు, నీడపట్టున పెట్టుకోండి" అని ఉన్నమాట చెప్పే అమ్మాడు.

ముందు ఉడుములు అటు వెళ్ళాయి. తర్వాత ముంగిసలు వెళ్ళాయి. చివరికి నెమళ్ళు కూడా వెళ్ళాయి. సన్నమ్మకు కడుపు మండిపోయింది.

"మనమూ సగం బుట్టకే ఇద్దాం" అంది.

ఆమెతో కలిసి పనిచేసే ఉడుత చారమ్మ గతుక్కుమంది. "ఎలా గిడుతుందక్కా?"

"తడబడిన చిప్పులున్నాయిగా! వాటి మీదా మన గుర్తు వేసేద్దాం."

"వద్దక్కా. చౌకవి చౌకవని చెప్పి, గుర్తు లేకుండా అమ్ముదాం."

"గుర్తు లేకపోతే ఎవరు కొంటారే? మన పేరుంటే పెంకు కూడా అమ్ముడుపోతుంది!"

పులిని చూసి నక్క వాత పెట్టుకుందంటారు. ఇక్కడ నక్కను చూసి పులి పెట్టుకుంది.

సన్నమ్మ అంగడి మళ్ళీ కిటకిటలాడింది. నలుగురు పసికూనల తల్లి, కుందేలు దూదమ్మ వచ్చింది. ఆమె బొరియ ఏటి అంచునే ఉంది.

"వదినా, పుట్టయ్య దగ్గరా ఇదే ధర. నీ గుర్తు చూసి ఇటొచ్చాను. పిల్లలున్న ఇల్లు కదా" అంది.

సన్నమ్మ ఒక్క క్షణం తటపటాయించింది. దూదమ్మ వెనక ఇంకా చాలామంది నిలబడి ఉన్నారు. చిప్పు ఇచ్చేసింది.

ఎండలు ముదిరాయి. గుర్తును నమ్మి దూదమ్మ తన కంప్యూటర్‌ను ఎండ పడే గుమ్మంలోనే పెట్టుకుంది. ఆ వేడికి అందులోని చిప్పు మాడిపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. తర్వాత వానలు పడి ఏరు పొంగింది. పుట్టయ్య చిప్పులున్న బొరియల్లో గంటలు మోగాయి. దూదమ్మ ఇంట్లో మోగలేదు. మధ్యాహ్నం కునుకు తీస్తున్న దూదమ్మ కాళ్ళకు నీళ్ళు తగిలాకే లేచింది. ముగ్గురు కూనలను ఒక్కొక్కరినే నోట కరుచుకుని గట్టెక్కించింది. నాలుగోవాడి కోసం వెళ్ళేసరికి బొరియే లేదు.

మర్నాడు ఆమె సన్నమ్మ దగ్గరికి వచ్చింది. అరవలేదు, తిట్టలేదు.

"పుట్టయ్య దగ్గర కొన్నా బాగుండేది వదినా. ఎండకు ఆగదని చెప్పేవాడు. నీడలో పెట్టుకునేదాన్ని" అని వెళ్ళిపోయింది.

సన్నమ్మ కుమిలిపోయింది. మళ్ళీ ప్రతి చిప్పునూ ఎండలో పరీక్షించింది. నిలిచినవాటికే గుర్తు వేసింది. ధర సగమే ఉంచింది. అయినా ఆ గుర్తు కనబడితే చాలు, తల్లులు పిల్లలను దగ్గరికి లాక్కుని తప్పుకుపోయేవారు. మేలైన చిప్పులు కుప్పలుగా పడి ఉన్నాయి.

"గుర్తు తీసేస్తే కొంటారేమో అక్కా" అంది చారమ్మ మెల్లగా.

సన్నమ్మ తన గుర్తును తన చేతులతోనే గీకి తీసేస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది.

నీతి: తగ్గించిన ధరను మళ్ళీ పెంచుకోవచ్చు, నమ్మినవారిని మోసగించి పోగొట్టుకున్న పేరు మళ్ళీ రాదు.