రెండో పోటు

ముందే చెబుతున్నాను. ఈ కథలో చచ్చినవాడి తల ఏమైందో, నెత్తురు ఎంత కారిందో నేను చెప్పను. అడిగినా చెప్పను. మిగిలినదంతా చెబుతాను. ఊ కొట్టేవాళ్ళు కొట్టండి, కొట్టనివాళ్ళు కళ్ళు మూసుకోండి.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరు. ఆ ఊళ్ళో గవరమ్మ అనే అత్త, పైడమ్మ అనే కోడలు. ఇద్దరూ చెరో రోకలి పట్టి ఒకే రోట్లో వడ్లు దంచేవారు. అత్త పోటు, కోడలు పోటు. అత్త పోటు, కోడలు పోటు. ఒకరి రోకలి దిగేటప్పుడు రెండోవారిది గాలిలో ఆగాలి. పైడమ్మ రోకలి రవ్వంత ఎక్కువసేపే ఆగేది. పిల్లా, నీ రోకలి పైనే కాపురం పెట్టిందా అని అత్త రోజూ దెప్పేది.

కోతల కాలం. మగవాళ్ళంతా పొలంలో ఉన్నారు. వాళ్ళకు సద్ది కావాలి, సద్దికి అన్నం కావాలి, అన్నానికి బియ్యం కావాలి, బియ్యానికి వడ్లు దంచాలి. అందుకని మిట్టమధ్యాహ్నం అత్తాకోడళ్ళు దంచుతూ ఉన్నారు. దొడ్డితలుపు తోసుకుని దాలయ్య అనే దారిదోపిడివాడు వచ్చి తలుపు గడియ వేశాడు. గవరమ్మ మెడలో బంగారు పట్టెడ ఇమ్మన్నాడు. ఆవిడ ఇవ్వనంది. వాడు కత్తి ఎత్తాడు.

పైడమ్మ రోకలి దిగింది. వాడు పడ్డాడు, కత్తి జారింది. రోకలి మళ్ళీ పైకి లేచి, అలవాటు ప్రకారం ఆగింది. అయిపోయిందనుకుంది పైడమ్మ. అవలేదు. పడినవాడు కత్తి అందుకుని గవరమ్మ మడమ మీద కోశాడు. ఆవిడ కూలబడింది. వాడి కత్తి ఆవిడ గొంతు మీదికి లేచింది. అప్పుడు దిగింది రెండో పోటు. వాడి చెయ్యి ఆగింది. మూడో పోటు దిగలేదు. పైడమ్మ రోకలి పారేసి, చెంబుతో నీళ్ళు తెచ్చి వాడి నోట్లో పోసింది. ఆ నీళ్ళు గొంతు దిగకముందే పోయాడు.

ఊ కొడుతున్నారా? ఏమిట్రా వాసూ? దొంగను చంపితే తప్పేమిటంటావా? దొంగ అయినంత మాత్రాన చంపమని ఎవరూ చెప్పలేదు. విను.

ఆ రాజ్యంలో ప్రాణం తీసినవారికి ఉరి. దాలయ్య అన్న గంగులు ధర్మాధికారి దగ్గర ఫిర్యాదు పెట్టాడు. శవం మీద రెండు దెబ్బలున్నాయి, మొదటి పోటు సరే, పడినవాడి మీద రెండో పోటు హత్య కాదా అన్నాడు.  గవరమ్మ కోడలికి గట్టిగా చెప్పింది: ఒక్క పోటే అని నేను చెబుతాను, నువ్వు నోరు విప్పకు. రెండో పోటు ఊసు రాకూడదని, కాలి గాయానికి పసుపుగుడ్డ కట్టి, చీర కుచ్చిళ్ళు నేలకు జార్చుకుంది.

సభలో రోకలి అడ్డంగా పెట్టారు. గవరమ్మ ఒక్క పోటే అంది. శవాన్ని చూసిన తలారి రెండు దెబ్బలన్నాడు. ధర్మాధికారి ముఖం బిగుసుకుంది. అబద్ధం ఎందుకు వచ్చిందో ఆయనకేం తెలుసు? గంగులు మీసం దువ్వుకున్నాడు. పైడమ్మకు ఇంట్లో పాలు తాగే బిడ్డ గుర్తుకొచ్చాడు.

"రెండు వేశాను, అయ్యా," అంది.

"పడినవాడి మీదా?"

"పడినవాడి మీదే. కత్తి మళ్ళీ లేచింది."

"సాక్ష్యం?"

"అత్తా, కాలు చూపించు."

గవరమ్మ కదల్లేదు. కోడలు మళ్ళీ అడిగింది. అప్పుడు ఆవిడ కుచ్చిళ్ళు ఎత్తి గుడ్డ విప్పింది. మడమకు బెత్తెడు పైన అడ్డంగా కోత. ధర్మాధికారి గంగుల్ని పిలిచి, దాలయ్య ఉన్నంత దూరంలో నిలబడి ఆ కోతదాకా చెయ్యి చాపమన్నాడు. అందలేదు. కూర్చోమన్నాడు. అందలేదు. పడుకోమన్నాడు. అందింది. ఆ కోత కింద పడినవాడే కోశాడన్నమాట. గంగులు లేచి ఒంటి దుమ్ము దులుపుకున్నాడు.

"మూడోది ఎందుకు వేయలేదు?"

"వాడి చెయ్యి ఆగింది కదయ్యా."

అప్పుడాయన తీర్పు చెప్పాడు. కోపం వచ్చిందని చంపకూడదు, దొంగ అని చంపకూడదు. ప్రాణం మీదికి వచ్చి, తప్పించుకునే దారి లేనప్పుడు కొట్టవచ్చు. ఆ ప్రమాదం పోయిన క్షణాన చెయ్యి ఆగాలి. ఈమె చెయ్యి రెండుసార్లు ఆగింది, కనుక ఇది హత్య కాదు అన్నాడు. గవరమ్మను అబద్ధానికి గట్టిగా మందలించాడు.

ఇంటికి పోతూ గవరమ్మ కుంటుతూనే సణిగింది. నీ రోకలి అలా ఆగకపోతే నా మడమ బాగుండేది కదే అంది.

"ఆగకపోతే నేను ఇంటికి వచ్చేదాన్నా, అత్తా?"

గవరమ్మ కోడలి భుజం పట్టుకుని నడిచింది. బిడ్డ పాలు తాగాడు, మగవాళ్ళు సద్ది తిన్నారు, అందరూ చల్లగా ఉన్నారు. ఎత్తిన చేతిని దించడమే కాదర్రా, ఆపడం కూడా నేర్చుకోవాలి.

కథ కంచి దారి పట్టింది, ఇక మీరు దుప్పట్లోకి.

ఆగండర్రా, ఒక్క మాట మరిచాను. ఆ తీర్పు తరవాత రాజుగారు పైడమ్మకు తాటాకు మీద లేఖ పంపారు, దొంగను చంపిన రోకలితో వస్తే ఏనుగు మీద ఊరేగిస్తామని. పైడమ్మ అది చదివించుకుని విన్నది. తెచ్చినవాడికి కడుపునిండా అన్నం పెట్టి పంపింది. లేఖ చూరులో దోపింది. చంపినందుకు ఊరేగింపేమిటని జవాబు మాత్రం రాయించలేదు.