గిలకబావి దగ్గర ఎర్రముగ్గు

అనగా అనగా ఒక రాళ్ళనేల. ఆ రాళ్ళనేల మీద తంగెడుపాడని ఒక ఊరు. ఆ ఊళ్ళో మూడు బావులు. ఒకటి చింతబావి, ఒకటి నడిబావి, ఒకటి గిలకబావి. ఊఁ కొట్టు అమ్మడూ. గోడకి కథలు చెప్పే అలవాటు నాకు లేదు.

ఈ కథ మీ తాతయ్య చెల్లెలు కూడా చెబుతుంది. ఆవిడ రెండు బావులంటుంది. తప్పు. మూడు. మన ఇత్తడి గంగాళం పట్టుకెళ్ళి ఇప్పటికీ తెచ్చివ్వని మనిషికి బావుల సంగతేం గుర్తుంటుంది? నే చెప్పిందే విను.

ఆ ఊళ్ళో సగంమంది మగ్గం నేసేవాళ్ళు, సగంమంది గొడ్లు మేపేవాళ్ళు. ఏటా వానలు పడగానే ఏదో ఒక బావి చెడేది. ఏ బావో తెలిసేది కాదు. చూస్తే నీళ్ళు తేటగా ఉండేవి. తాగితే తియ్యగా ఉండేవి. ఆ తర్వాత ఒక ఇంట్లో వాంతులు, పక్కింట్లో విరేచనాలు. నిన్న వీధిలో ఆడిన పిల్ల ఇవాళ కళ్ళు లోపలికి పోయి పడుకునేది.

అప్పుడు "మీ వీధి వాళ్ళ వల్లే" అని వీళ్ళు, "కాదు, మీ వల్లే" అని వాళ్ళు. తిట్టుకుని తిట్టుకుని అలిసిపోయి, ఒక్కో ఇల్లూ తాళం వేసుకుని పోవడం మొదలెట్టారు. ఏ మగ్గం చప్పుడు ఎప్పుడు ఆగిపోతుందోనని మిగిలినవాళ్ళు చెవులు రిక్కించి వినేవాళ్ళు.

అప్పుడు రాహేలు అనే పిల్ల ఊరికి తిరిగొచ్చింది. దిగువ వీధి పిల్ల. పట్నంలో ఆసుపత్రి పని నేర్చుకుంది. నోరు కాస్త పెద్దది. "ఎవరి వల్లో తర్వాత తేల్చుకుందురుగానీ, ముందు ఏ బావో తేల్చుకుందాం రండి" అని ఊరందర్నీ పాడుబడ్డ మగ్గాల పాకలోకి పిలిచింది.

ఆ పాకలో ఒకటే కట్టుబాటు. ఎవరికి వచ్చింది వాళ్ళు నేర్పాలి, రానిది నేర్చుకోవాలి. రాహేలు చిన్న చిన్న సీసాలు చూపించింది. సీసా అడుగున మందు పూసిన కాగితం ఉంటుంది. బావి నీళ్ళు పోసి, మూత బిగించి, వెచ్చని చోట పెట్టాలి. పేడనీళ్ళో మురుగునీళ్ళో కలిసుంటే మర్నాటికి సీసా నల్లబడుతుంది. లేకపోతే లేదు. చూసినవాళ్ళంతా ముక్కు మీద వేలేసుకున్నారు.

చెక్కభజన గురవయ్య ఉన్నాడు. ఆయన విరేచనాలు పట్టినవాళ్ళకి ఇచ్చే నీళ్ళ మీద పాట కట్టాడు. నీళ్ళు కాచాలి, చల్లార్చాలి, ఇంత పంచదార, ఇంత ఉప్పు, గుక్క గుక్కగా పట్టాలి. చెక్కలు వాయిస్తూ అందరిచేతా పాడించాడు. "భజన కూడా ఒక వైద్యమా?" అని మూతి తిప్పింది మహంకాళమ్మ. తిప్పిందేగానీ పాటంతా ఆవిడకి వచ్చేసింది.

మహంకాళమ్మ ఎవరనుకున్నావు? గిలకబావి ఎదుటి ఇల్లు ఆవిడదే, బావి చుట్టూ ఉన్న రాతి చప్టాయే ఆవిడ వాకిలి. అంత చక్కని ముగ్గు వేసే చెయ్యి ఆ చుట్టుపక్కల లేదు. ఎంత పెద్ద ముగ్గయినా పిండి గీత ఎక్కడా లావవదు, ఎక్కడా తెగదు. ఆ గర్వం ఆవిడకుంది. ఉండాలి కూడా. చేతకానివాళ్ళకెందుకు గర్వం?

కాకపోతే ఒకటి. రాహేలు చిన్నపిల్లగా ఉన్నప్పుడు దాహమేసి గిలకబావి తాడు పట్టుకుంటే, మహంకాళమ్మ అందరి ముందూ ఆ తాడు కడిగించింది. రాహేలు అది మర్చిపోలేదు. దిగువ వీధిలో ఎవరూ మర్చిపోలేదు.

సరే, ఏ బావి చెడిందో సీసా చెబుతుంది. ఊరికెవరు చెప్పాలి? మొదట పలక మీద "ఈ నీళ్ళు తాగరాదు" అని రాసి బావికి కట్టారు. ఊళ్ళో చదువొచ్చినవాళ్ళెవరు? ఒకామె ఆ పలక మీదే బిందె దించుకుని, నీళ్ళు తోడుకుని చక్కా పోయింది.

ఆ తర్వాత డప్పు వేయించారు. చేలో ఉన్నవాళ్ళకి వినపడలేదు. విన్నవాళ్ళు తెల్లారేసరికి ఏ బావన్నారో మర్చిపోయారు.

అప్పుడు రాహేలు మహంకాళమ్మ వైపు తిరిగింది. "పెద్దమ్మా, పొద్దున్నే బావి దగ్గరికి రాగానే ఆడాళ్ళు ముందు చూసేదేమిటి?"

"నా ముగ్గు" అంది మహంకాళమ్మ, అదీ అడగాలా అన్నట్టు.

అలా అదీ కుదిరింది. మంచి బావి చప్టా మీద ముగ్గు వెయ్యాలి. చెడ్డ బావి చప్టా బోడిగా వదలాలి. ఏ బావి మంచిదైతే ఆ బావి అన్ని వీధులవాళ్ళదీను. దానికి మహంకాళమ్మ కూడా తల ఊపింది. నోటితో మాత్రం అనలేదు.

అంతా బాగుందనుకున్నారు. కానీ అమ్మడూ, ఊరు ఊరంతా ఒక సంగతి మర్చిపోయింది. మనలో ముగ్గు లేని వాకిలంటే ఏమిటి? చావు వాకిలి. ఇంట్లో మనిషి పోతేనే ముగ్గు మానేస్తాం. అది తెలియనివాళ్ళు ఆ పాకలో ఒక్కరూ లేరు. అయినా అంతమందిలో ఒక్కరికీ తట్టలేదు చూడు.

ఆ ఏడు ముసురు పట్టింది. వాగు పొంగి పట్నం దారి మూసేసింది. సరిగ్గా అప్పుడే గిలకబావి సీసా నల్లబడింది. రాహేలు సాయంత్రం వచ్చి చెప్పింది. "పెద్దమ్మా, రేపట్నుంచి మీ చప్టా మీద ముగ్గు వద్దు."

మహంకాళమ్మ చటుక్కున ఇంటి వైపు తిరిగి చూసింది. ఎందుకంటే లోపల ఆవిడ కూతురు సౌభాగ్యం ఉంది. నిండు చూలాలు. ఇవాళో రేపో అన్నట్టుంది. మహంకాళమ్మ మొగుడు పోయినప్పుడు తప్ప ఆ వాకిలి ఏనాడూ బోడిగా లేదు. కడుపుతో ఉన్న పిల్లని లోపల పెట్టుకుని, ఏ తల్లి చావు వాకిలి తెరుస్తుంది? "ఈ పిల్ల నా తాడు సంగతి మనసులో పెట్టుకుని నా వాకిలి బోడి చెయ్యాలని చూస్తోంది" అని కూడా అనుకుంది.

తెల్లవారి ముసురు తెరిపివ్వగానే ముగ్గు గిన్నె తీసింది. ఆవిడ గీత ఏనాడూ వంకరపోలేదు, ఆవేళ పోయింది. అయినా వేసేసింది. "నేనిక్కడే కూర్చుంటాను. వచ్చినవాళ్ళకి నేనే చెబుతాను. నా మాట చాలదూ?" అనుకుంది. తన ఇంటికి మాత్రం నడిబావి నుంచి నీళ్ళు తెచ్చుకుంది. కూతురికేమీ చెప్పలేదు. చూలాలు, భయపడుతుందని.

మొదట ఒక సాలె ఇల్లాలు వచ్చింది. "ఈ నీళ్ళొద్దు, నడిబావికి పో" అంది మహంకాళమ్మ. గొణుక్కుంటూ పోయింది.

ఆ తర్వాత ఒక గొడ్ల కాపరి వచ్చాడు. "ముగ్గుందిగా?" అన్నాడు. "ఉంటే ఉంది, పో" అంది. పోయాడు.

ఆ తర్వాత రాహేలు మేనత్త వచ్చింది. ఆవిడ పోలేదు. బిందె చంకన పెట్టుకుని నిలబడింది. "నీ ముగ్గు తోడుకోమంటోంది, నీ నోరు పొమ్మంటోంది. నీళ్ళు దాచుకునే బుద్ధి ఇంకా పోలేదా తల్లీ? పోనీ, నేను ముట్టుకున్నాక తాడు కడుక్కుందువుగానిలే!" అని నలుగురికీ వినపడేట్టు అని వెళ్ళింది. వెళ్ళి ఊరుకుంటుందా? ఊరంతా చెప్పింది.

మహంకాళమ్మ ముఖం మాడిపోయింది. లేచి లోపలికెళ్ళి పొయ్యి రాజేసింది. అంతే. ఆ కాసేపే.

పెరటి వైపు నుంచి సౌభాగ్యం వచ్చింది. దాహమేసింది. చప్టా మీద ముగ్గుంది. అమ్మ వేసిన ముగ్గు. పాకలో తనూ నేర్చుకుంది కదా, ముగ్గుంటే మంచి నీళ్ళని. గిలక కిర్రుమంది. దోసిలి పట్టి కడుపునిండా తాగింది. చూడు, ఆ పిల్ల తప్పు చెయ్యలేదు. నేర్పినట్టే చేసింది.

మర్నాడు పొద్దెక్కేసరికి సౌభాగ్యానికి వాంతులు పట్టుకున్నాయి. ఆ తర్వాత విరేచనాలు. మధ్యాహ్నానికి పెదాలు ఎండిపోయాయి. "అమ్మా, పొద్దున్నుంచి బిడ్డ కదలటం లేదే" అంది.

మహంకాళమ్మ గబగబా వచ్చి కూతురి పక్కన కూర్చుంది. "ఏం తిన్నావే? ఏం తాగావే?" అని అడిగింది. "నిన్న మన బావి నీళ్ళే. నువ్వు ముగ్గు వేశావుగా?" అంది సౌభాగ్యం.

అప్పుడు ఆవిడ ఏడవలేదు. పక్కింటి పిల్లని రాహేలు కోసం పరుగెత్తించింది. రాహేలు పక్క పల్లెకి వెళ్ళిందట, వస్తుందో రాదో, ఎప్పుడు వస్తుందో. పట్నం వెళ్దామంటే వాగు. అప్పుడు పొయ్యి మీద నీళ్ళు పెట్టింది. గురవయ్య పాట గొంతులోకి దానంతటదే వచ్చింది. వంకర గొంతుతో పాడుకుంటూనే నీళ్ళు కాచింది, చల్లార్చింది, పంచదార వేసింది, ఉప్పు దగ్గరికి వచ్చేసరికి పాట మర్చిపోయింది. ఎంతుప్పు? చెయ్యి గాలిలో ఆగిపోయింది.

అప్పుడే పరుగున వచ్చిన రాహేలు పెరటి గుమ్మంలోంచి అంది. "నాలిక మీద వేసుకుని చూడు పెద్దమ్మా. కన్నీళ్ళకంటే ఉప్పగా ఉండకూడదు."

మహంకాళమ్మ రుచి చూసింది. అప్పటికి బుగ్గల మీద నుంచి జారినవి పెదాల దాకా వచ్చి ఉన్నాయి. దేన్ని దేనితో పోల్చాలో వేరే వెతుక్కోనక్కర్లేకపోయింది.

గుక్క గుక్కగా పట్టారు. తాగింది కక్కేసింది. మళ్ళీ పట్టారు. మళ్ళీ కక్కింది. "పడుతూనే ఉండు" అంది రాహేలు. పొద్దు వాలుతోంది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు.

అప్పుడు బయట గిలక కిర్రుమంది.

మహంకాళమ్మ గిన్నె వదిలేసి లేచింది. పరుగెత్తి చూస్తే చప్టా చుట్టూ ఆడాళ్ళు. సాయంత్రం నీళ్ళకి బిందెలతో వచ్చారు. "తోడకండే! ఆ నీళ్ళొద్దే!" అని అరిచింది.

"మొదలెట్టింది ముసలమ్మ" అంది రాహేలు మేనత్త, తాడు వదలకుండా. "ముగ్గు తెల్లగా మెరుస్తుంటే మంచినీళ్ళు కాకేమిటి? ఊరందరి బావి అని నువ్వే తల ఊపావుగా?"

అరిచింది, ఎవరూ వినలేదు. బతిమాలింది, అలవాటు లేని పని, ఎవరూ నమ్మలేదు. బొక్కెన పైకి వస్తోంది. ఇక ఒకటే మిగిలింది. ఆ ఒక్కటీ చెయ్యడానికి చేతులు రావడం లేదు. లోపల కూతురు అలా పడుకుని ఉంది. బిడ్డ కదలటం లేదు. ఇలాంటప్పుడు చేజేతులా వాకిలి బోడి చెయ్యడమా?

చేసింది అమ్మడూ. బోర్లా పడి, రెండు చేతులతో, చీర కొంగుతో, తను వేసిన ముగ్గు తనే చెరిపేసింది. ఒక్క చుక్క మిగల్లేదు.

ఆడాళ్ళు గబుక్కున బిందెలు వదిలేశారు. తాడు జారి బొక్కెన ధభాలున బావిలో పడింది. "అయ్యో సౌభాగ్యం! అయ్యో తల్లీ!" అని ఒకామె రాగం తీసింది. అందరూ అందుకున్నారు. బోడి చప్టా చూసి, ఆ పిల్ల పోయిందనుకున్నారు మరి!

"నోళ్ళు ముయ్యండే!" అని గర్జించింది మహంకాళమ్మ. "నా బిడ్డ బతికే ఉంది! ఆ నీళ్ళు తాగే పడిపోయింది! సీసా నల్లబడింది. నేను అబద్ధపు ముగ్గు వేశాను. ఇప్పుడు తెలిసిందా? బిందెలు తీసుకుని నడిబావికి పొండి!"

అందరికంటే ముందు రాహేలు మేనత్తే కళ్ళు తుడుచుకుని, మహంకాళమ్మ ఖాళీ బిందె కూడా చంకనెత్తుకుని నడిబావికి నడిచింది. ఇందాక తిట్టిన మనిషే.

దీపాలు పెట్టే వేళకి లోపల్నుంచి సౌభాగ్యం నీరసంగా పిలిచింది. "అమ్మా, ఒంటికి వెళ్ళాలే." ఆ మాటకి రాహేలు నవ్వుతూ చప్పట్లు కొట్టింది! "నవ్వుతావేమిటే?" అంది మహంకాళమ్మ. "ఒంట్లో నీళ్ళు నిలుస్తున్నాయి పెద్దమ్మా, అందుకు" అంది రాహేలు. ఆ తర్వాత కాసేపటికి సౌభాగ్యం పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, "తన్నింది" అంది. అప్పుడు మహంకాళమ్మ అక్కడే కూలబడిపోయింది.

మళ్ళీ పాకలో అందరూ కూడారు. "తప్పు ఆవిడొక్కదానిదే కాదు" అంది రాహేలు. "చావు గుర్తుని తెచ్చి నీళ్ళ గుర్తు చేసింది మనందరం." అప్పుడు మహంకాళమ్మ లేచింది. "బోడి వాకిలి వద్దు. తెల్లముగ్గు మంచి నీళ్ళకి. చెడ్డ నీళ్ళకి ఎర్రమట్టి ముగ్గు. మంచి నీళ్ళ ముగ్గుకంటే అందంగా వెయ్యాలి, ఎవరూ సిగ్గుపడి దాచుకోకుండా" అంది. ఆవిడన్నాక కాదనేదెవరు?

ఆ తర్వాత పాక నేల మీద ఊరంతటినీ ముగ్గుగా వేసింది. ఇంటికో చుక్క, కాలవకో గీత. వాన పడితే ఏ నీళ్ళు ఎటు పారతాయో తలా ఒకరు చెబుతుంటే గీసుకుంటూ పోయింది. గీసి గీసి ఒకచోట చెయ్యి ఆపింది. గిలకబావిలోకి దిగే గీత తన పెరటి పెంటదిబ్బ దగ్గరే మొదలైంది. అందరూ చూస్తూనే ఉన్నారు. ఆ గీత కూడా తనే గీసింది, వంకర లేకుండా.

పెంటదిబ్బ ఊరి పల్లానికి మారింది. బావికి గట్టు లేచింది, నీళ్ళు తోడి మందు చల్లారు. సౌభాగ్యానికి మగపిల్లాడు పుట్టాడు. సీసా పెట్టారు, నల్లబడలేదు. మళ్ళీ పెట్టారు, నల్లబడలేదు. మూడోసారి కూడా తేటగానే ఉంది. తాళాలు పడ్డ ఇళ్ళు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మగ్గాలు మళ్ళీ టకటకమన్నాయి.

గిలకబావి దగ్గర మళ్ళీ తెల్లముగ్గు వేసిన పొద్దున మహంకాళమ్మ రాహేలుని పిలిపించింది. తాడు చేతికిచ్చింది. "మొదటి బొక్కెన నువ్వు తోడు. ముందు నాకు పొయ్యి" అంది. క్షమించమని అనలేదు. ఆవిడ నోట ఆ మాట రాదు. రాహేలు కూడా పాత సంగతి మర్చిపోలేదు. ఎందుకు మర్చిపోవాలి? నేనైతే మర్చిపోను. కానీ తోడింది. మహంకాళమ్మ వంగి దోసిలి పట్టింది. రాహేలు పోసింది.

ఇప్పటికీ ఆ ఊళ్ళో వానలు పడితే సీసాలు పెడతారు. పెట్టిన పొద్దున అందరి గుండెలూ దడదడలాడతాయి. ఆడాలి. గుండె దడ లేకపోతే సీసా వైపు ఎవరూ చూడరు. ఏదీ, కాళ్ళు సరిగ్గా చాపుకో. దుప్పటి లాక్కో.

తెల్లముగ్గు కనబడితే తోడుకోవే చెల్లీ,
ఎర్రముగ్గు కనబడితే మళ్ళిపోవే తల్లీ.
కథ నడిచె కంచికి, బిందె చేరె ఇంటికి,
ఊఁ కొట్టిన పిల్లకి నిద్దరొచ్చె కంటికి.