దివాన్‌గారి కొట్లో ఎలుకలు

ఏ రాజు కాలమో నన్నడక్కండి గానీ, ఒక సంస్థానంలో సూరమ్మ అని ఇప్పసారా కాచే మనిషుండేది. ముంత అర్ధణా, రుచి మాత్రం అమృతం. దివాన్ పరాంకుశంగారికేమో ఎద్దు ఖరీదు చేసే సీమ సారా సీసా తప్ప గొంతు దిగదు మరి, అంత సుకుమారం!

"ఇది గొడ్లు కూడా తాగవు" అని ఆమె పది కుండలూ జప్తు చేసి, సీమ సీసాల పక్కనే పెట్టి కొట్టుకి తాళం వేసుకున్నారు. వచ్చే నెల్లో బట్టీ కూడా పగలగొట్టిస్తానన్నారు.

ఆ నెల నిండే వేళకి సూరమ్మ సంస్థానాన్నేలే దొర దగ్గరికి పరిగెత్తింది.

"దొరా, నా సారా గొప్ప నేను చెప్పుకోను. ఒక్కసారి ఆ కొట్టు తీయించండి చాలు."

తీయించాడు. సీమ సీసాల మీద వేలెడు దుమ్ము, ఒక్క మూతా కదల్లేదు. పది కుండలూ ఖాళీ.

"ఏమయ్యా దివానూ, తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నా దగ్గరే దొరా... ఎలుకలు..."

"ఎలుకలే దొరా," అంది సూరమ్మ. "పాపం, తాగేసి మళ్ళీ కుండలకి గుడ్డ కట్టి మరీ వెళ్ళాయి. అంత మర్యాదస్తులైన ఎలుకల కోసమైనా నా బట్టీ ఉండనివ్వండి."

దొర పడీపడీ నవ్వి, బట్టీ జోలికెళ్ళొద్దన్నాడు.

మర్నాటి నుంచీ సూరమ్మ గుమ్మం ముందు తలపాగా చుట్టుకున్న ఎలుకొకటి ముంత పట్టుకుని, అందరితోపాటు వరసలో నిలబడేది.