గాడిద గదికి దూది గోడలు

ఎర్రకొండ వాలులో ఒక రాతి గుహ, నడిమధ్య అడ్డంగా పలుచటి బండ. ఇవతలి సగం అడవి తగవుల ఆఫీసు. దాన్ని నడిపేది సుభాషిణి అనే ఉడుత. ఒళ్ళు కొంచెమే గానీ, నోరు విప్పితే ఎలుగుబంటి కూడా కూర్చుని వినాల్సిందే. అవతలి సగం ఖాళీగా ఉండేది. నక్క ఎక్కణ్ణుంచో గంభీరయ్య అనే గాడిదను తెచ్చి అందులో దించి, రోజూ ఎదురుగా కూర్చుని "ఆహా" అనడం మొదలుపెట్టింది. ఇంకేముంది, గాడిద పొద్దున ఎత్తుకున్న రాగం పొద్దుగూకినా దించదు.

సరిగ్గా అప్పుడే కంజుపిట్ట ఫిర్యాదుతో వచ్చింది. గూట్లో గుడ్లు ఎవరో తినేశారు. తిన్నదెవరో పిట్ట కళ్ళారా చూసింది గానీ, భయంతో గొంతు పైకి లేవదు. నోరు తెరిచినప్పుడల్లా అవతల ఓండ్ర. ఆఫీసులో చెప్పిందే సాక్ష్యం, బయట చెప్పింది చెల్లదు. పున్నమిలోపు విచారణ జరక్కపోతే తగవు కొట్టేసినట్టే. అది అడవి కట్టుబాటు.

సుభాషిణి తన వైపు బండకు బంకమన్ను మెత్తింది, ఆకులు అద్దింది, సందుల్లో పీచు కుక్కింది. గోడ బరువెక్కింది గానీ గోల తగ్గలేదు. నక్క గుమ్మంలోంచి తొంగిచూసి, ఉడుతకేల ఊరి పెత్తనం అని నవ్విపోయింది.

"నవ్వనీ. నీ మాట నేను వినే తీరతాను," అంది సుభాషిణి కంజుపిట్టతో.

బండెక్కి, పై సందులో పీచు కాస్త తప్పించి అవతలికి చూసింది. గాడిద ఒక్క కూత పెట్టి ఆగుతోంది. నున్నటి రాతి గోడలు ఆ కూతను నాలుగింతలు చేసి తిరిగి ఇస్తుంటే, చెవులు నిక్కించి తల ఆడిస్తోంది. మళ్ళీ కూత. వీడు పాడాలని పాడటం లేదు, తన గొప్ప తాను వినాలని పాడుతున్నాడు అనుకుంది ఉడుత.

దిగివెళ్ళి దణ్ణం పెట్టింది.

"గంభీరయ్య మావా, నీ అంతటి విద్వాంసుడు ఉత్త బండల మధ్య పాడటమేంటి? నలుగురూ మమ్మల్ని తప్పుపట్టరూ? గదంతా మెత్తగా దూది పెట్టిస్తాను, మహారాజులా పాడుకో."

గాడిద పొంగిపోయింది. నక్కకేదో తేడా కొట్టింది. కానీ వద్దంటే, గాడిదకి అంత మర్యాద దండగని తనే ఒప్పుకున్నట్టు. పొగిడిన నోటితో కాదనలేక మళ్ళీ "ఆహా" అంది.

గిజిగాళ్ళు పాత గూళ్ళు తెచ్చాయి. కోతులు బూరుగు దూది మోశాయి. గోడలూ పైకప్పూ ఎక్కడా రాయి కనబడకుండా మూసుకుపోయాయి.

గంభీరయ్య గొంతు సవరించుకుని గొప్ప కూత పెట్టింది. అది మూతి దాటి అక్కడే చచ్చిపడింది. చెవులు నిక్కించినా తిరిగి ఏమీ రాలేదు.

"బావా, ఇప్పుడు అరిచిందెవరు?"

"నువ్వే మావా. అద్భుతం," అంది నక్క. ఆ గదిలో ఆ మాట కూడా చప్పగా ఉంది.

గాడిద ఇంకోసారి కూసి, తన గొంతు తాను విని, మొహం ముడుచుకుంది. ఇన్నాళ్ళూ నువ్వు ఆహా అన్నది దీన్నా అని నక్కని ఒక్క తాపు తన్ని, మంచి కొండ వెతుక్కుంటూ లోయ దాటి పోయింది.

నక్క కుంటుకుంటూ బయటికి వచ్చేసరికి ఆఫీసులో కంజుపిట్ట తన సన్నటి గొంతుతోనే మొత్తం చెప్పేసింది. సుభాషిణి గుమ్మంలో నిలబడి ఉంది.

"రా నక్క బావా, కూర్చో. గుడ్ల తగవులో నీ పేరే వచ్చింది. ఇక గాడిదను ఎందుకు తెచ్చావో నువ్వు చెప్పు, తీరిగ్గా వింటాం."

నేరం నక్కదేనని తేలింది. ఆ పూటే దాన్ని కొండ దాటించారు.

నీతి: గోల ఆగాలంటే మూయాల్సింది మన చెవుల్ని కాదు, గోల చేసేవాడి గొంతును వాడికి గొప్పగా వినిపించే గోడల్ని.