కొట్టానికి తాళం

బసమ్మవ్వ ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పేది కాదు. ఎవరైనా ఏదైనా అడిగితే, విన్నదో లేదో కూడా తెలియనివ్వకుండా, గోడకు ఆనించిన చేతికర్ర అందుకుని లేచి నడక మొదలుపెట్టేది. అడిగినవాళ్లు వెంట పోవాలి. ఆమె ఎక్కడ ఆగితే అక్కడ జవాబు. కొన్నిసార్లు ఎక్కడా ఆగకుండా ఊరంతా తిరిగి మళ్లీ తన గుడిసెకే వచ్చేది. అలాంటప్పుడు తాము అడిగింది అడగదగ్గది కాదని శిష్యులే తెలుసుకుని, మారుమాట్లాడకుండా ఇళ్లకు పోయేవారు. ఆమెను శాంతమూర్తి అని ఎవరూ పొగడలేదు. కోపమొస్తే కర్రతో నేలను కొట్టేది, మనుషుల మీదికి మాత్రం ఎత్తేది కాదు.

ఆమె శిష్యుల్లో చిదంబరరెడ్డి చాలా పాతవాడు. ఒక మధ్యాహ్నం అతను ఆ గుడిసె ముందుకు వచ్చిన తీరు చూసి, అక్కడ కూర్చున్న ఇద్దరు ముగ్గురు తమంతట తామే లేచి పక్కకు పోయారు. మొహం కందగడ్డలా ఉంది. చెప్పులు విడవలేదు, దండం పెట్టలేదు.

"చేను జనానికి ఇస్తానంటే మంచిదంటివి గదవ్వా" అన్నాడు. "ఇచ్చినా. చంపి పెట్టినారు. ఇప్పుడు చెప్పు. తాము సంపాదించని దాన్ని ఈ జనం ఏనాటికన్నా తమదని చూసుకుంటారా?"

అతని కోపం ఊరికే వచ్చింది కాదు. కొండ కింది ఆ ఎర్రనేల అతను చెమటోడ్చి కొనుక్కున్నది. మొదట్లో అందరిలాగే అతనూ పురుగుమందులు కొట్టాడు. ఒక ఏడు, మందు కొట్టిన చేలో కోసిన మేత తిని అతని జత ఎద్దులు నురగలు కక్కి చచ్చాయి. వాటిని పాతిపెట్టిన రోజే ఈ చేలోకి ఇక మందు రానివ్వనని ఒట్టు పెట్టుకున్నాడు. ఊళ్లోవాళ్లు నవ్వారు, నవ్వనిచ్చాడు. పురుగొస్తే కంది చెట్ల కింద గోనె పట్టాలు పరిపించి, చెట్లు దులిపించి, రాలిన పురుగుల్ని కోళ్లకు వేయించేవాడు. దానికీ లొంగకపోతే వేపగింజల కషాయం చల్లించేవాడు. కాలం గడిచేకొద్దీ నేల గుల్లబారింది, వానపాములు తిరిగొచ్చాయి, ఎక్కడెక్కడి నుంచో జనం కార్లు కట్టుకుని ఆ చేను చూడడానికి రావడం మొదలైంది.

రెడ్డికి పిల్లలు లేరు, భార్య పోయింది. అతని తర్వాత ఆ చేను తమ్ముడి కొడుకులది. వాళ్లు పెద్దాయన పోయేదాకా ఆగే రకం కాదు. ఒకరోజు ఎవరినో వెంటబెట్టుకొచ్చి టేపులతో కొలిపించారు. ఎద్దుల్ని పాతిన చోట నిలబడి, రోడ్డు ఎటు వేస్తే ప్లాట్లు ఎక్కువ పడతాయో లెక్కలేసుకున్నారు. ఆ మాటలు విన్న రాత్రి రెడ్డికి అన్నం సహించలేదు. అప్పుడే నిర్ణయించుకున్నాడు. ఆ చేలో పనిచేసే కుటుంబాలూ, ఆ చేను గింజ తినే కుటుంబాలూ కలిసి ఒక సంఘం కావాలి. చేను ఆ సంఘం పేర రాయాలి. ఆ తర్వాత దాన్ని అమ్మే హక్కు ఎవడికీ ఉండకూడదు.

విత్తనం వేసే రోజు, గొర్రు కట్టకముందే అందరినీ చేలో నిలబెట్టి చెప్పాడు. ఈ పొద్దు నుంచి ఈ చేను మీది అన్నాడు. కొందరు ఆడవాళ్లు ఏడ్చారు. పెన్నోబులేసు అని, ఆ ఊరికి ఇల్లరికం వచ్చినప్పటి నుంచీ ఆ చేలోనే కూలి చేస్తున్నవాడు, వంగి చిటికెడు మట్టి తీసి నుదుట పెట్టుకున్నాడు. కాగితాలు తయారవడానికి కంది కాయ పట్టేంత కాలం పట్టింది. చివరికి వచ్చే సోమవారం రిజిస్ట్రేషన్ అని ఖాయమైంది.

ఆ పని మీదే రెడ్డి పట్నం పోయి, జ్వరంతో చెల్లెలి ఇంట్లో పడిపోయాడు. కోలుకుని తిరిగొచ్చి చేను గేటు తీయగానే వాసన తగిలింది. అది ఎద్దులు చచ్చిన నాటి వాసన, అతనికి ఇప్పటికీ గుర్తుంది. కంది సాళ్ల మధ్య నుంచి పెన్నోబులేసు మూతికి తువ్వాలు కట్టుకుని, వీపున స్ప్రే ట్యాంకుతో ఎదురొచ్చాడు. ట్యాంకు దించి, తువ్వాలు విప్పి, నవ్వు మొహంతో చెప్పుకుపోయాడు. పచ్చపురుగు కాయల్లో పడిందట. ఇంకొంచెం ఆగుంటే గింజ మిగిలేది కాదట. పెళ్లాం సాకుతున్న పొట్టేలును సంతలో అమ్మి మందు తెచ్చాడట. ఒక్క సాలు కూడా వదలకుండా కొట్టాడట. రెడ్డి భుజం తడతాడని అనుకున్నాడు పాపం.

రెడ్డి ట్యాంకును ఒక్క తన్ను తన్నాడు. ఆ తర్వాత అతని నోటికి అడ్డూ అదుపూ లేకపోయింది. పెన్నోబులేసు తల్లిని తిట్టాడు, పెళ్లాన్ని తిట్టాడు, పుట్టిన ఇంటిని తిట్టాడు. నేలను బతికించినవాడి నోరు అంత విషం కక్కగలదని అక్కడున్న ఎవరూ అనుకోలేదు. పెన్నోబులేసు అంతా విని, ఆఖర్న ఒక్కమాట అన్నాడు.

"నాదని చెప్పింది నువ్వే గదా రెడ్డీ. నాది పోతాంటే సూస్తా కూకోమంటావా?"

నీదీ లేదు, నీ సంఘమూ లేదు, సోమవారం సంతకం పెట్టేదే లేదు అని అరిచి, రెడ్డి మంచినీళ్లు కూడా ముట్టకుండా నేరుగా బసమ్మవ్వ దగ్గరికి వచ్చాడు.

ఇదంతా విని బసమ్మవ్వ కర్ర అందుకుంది. ఆమె చేను వైపు తిరగడం చూసి రెడ్డికి లోలోపల కాస్త ఊరట కలిగింది. ఆ కర్ర పెన్నోబులేసు ముందు నేలను ఎలా దద్దరిల్లజేస్తుందో తలుచుకుంటూ వెంట నడిచాడు.

దారిలో వేరే ఆసామి చేను ఉంది. పీకి వామి వేసిన వేరుశనగను మేకలు పీక్కు తింటున్నాయి. గట్టు మీద కూలీలు సద్ది తింటూ వాటిని చూస్తున్నారు. అవ్వ ఆగి, మేకల్ని తోలరేమని అడిగింది. మేము వచ్చింది కాయ కోసేదానికవ్వా, కాపలాకి గాదు అని ఒకడు కూర్చున్న చోటినుంచే బదులిచ్చాడు. రెడ్డికి ఒళ్లు మండింది. చూస్తివా అవ్వా, ఇదీ జనం బుద్ధి, వీళ్ల చేతుల్లో పెట్టమంటావా నా చేను అని దారి పొడుగునా గొణిగాడు. అవ్వ నడుస్తూనే ఉంది.

చేను దగ్గర పెన్నోబులేసూ అతని భార్యా కంపకొమ్మలు లాక్కొచ్చి కంది చుట్టూ వేస్తున్నారు, పశువులేవీ లోపలికి పోకుండా. గట్టు పక్కన చిన్న గుంత తవ్వి ఉంది. దాని అంచున చచ్చిన గోరింకలు రెండు. పురుగుల్ని ఏరుకు తినేందుకు పిట్టలు వాలాలని రెడ్డి చేలో కొమ్మలు పాతించేవాడు, వాటి మీద వాలిన పిట్టలే అవి. పెన్నోబులేసు కళ్లు ఎర్రగా ఉన్నాయి. రెడ్డి వైపు తలెత్తి చూడలేదు.

బసమ్మవ్వ గోరింకల్ని చాలాసేపు చూసింది. కర్ర ఠపీమని నేలను తాకింది. ఈ గింజ ఈ ఏడు ఏ నోట్లోకీ పోకూడదని ఆమె గట్టిగా చెప్పింది. ఈ పిట్టల్ని చూశాక తెలిసిందనీ, కందినంతా పీకి పెద్ద గుంత తీసి పూడుస్తామనీ పెన్నోబులేసు తల దించుకునే అన్నాడు. అంతటితో ముగిసిందనుకున్నాడు రెడ్డి. అవ్వ మాత్రం అక్కడే నిలబడింది.

"పోయిన ఏండ్లు పురుగు రాలేదా నాయనా?"

"యా ఏడు రాలేదవ్వా."

"అప్పుడేం జేస్తాంటివి?"

పెన్నోబులేసు అప్పుడు తలెత్తి రెడ్డిని చూశాడు. ఇన్నేళ్లలో అలా నిలదీసినట్టు చూడడం అదే మొదలు.

"రెడ్డి దులపమంటే దులుపుతాంటి. చెప్పకపోతే గమ్మునుంటాంటి. కాయలోకి పురుగు దూరేది నా కండ్లతోనే సూసినా, శానాసార్లు. అబద్ధమేమిటికి? రెడ్డి చేను గదా, తింటే తిననీలే అనుకుంటాంటి."

పంట సగానికి సగం పురుగు పాలైన ఏళ్లు అతనికి గుర్తున్నాయి. కాలాన్ని తిట్టుకుంటూ, తన రాతను తిట్టుకుంటూ కుమిలిపోయిన ఏళ్లు అవి. అప్పుడు వీడు చూస్తూ ఉన్నాడన్నమాట. తన ఇంట అన్నం తింటూ, తన ముందు చేతులు కట్టుకుని నిలబడుతూ, చూస్తూనే ఉన్నాడన్నమాట. చెయ్యెత్తి ఒక అడుగు ముందుకు వేశాడు. బసమ్మవ్వ కర్ర అతని కాలికి అడ్డంగా వచ్చి ఆగింది.

ఆమె గొంతు మారలేదు. మరి ఈ ఏడైనా దులపకుండా మందుకెందుకు పరిగెత్తావని పెన్నోబులేసును అడిగింది. దులిపే గోనె పట్టాలు చేలోని సామాన్ల కొట్టంలో ఉన్నాయనీ, కషాయం డ్రమ్ము కూడా అక్కడే ఉందనీ, కొట్టానికి తాళం వేసి ఉందనీ అతను చెప్పాడు.

"పగలగొట్టకపోయినావా?"

దొంగతనం చేయమన్నట్టు అతను బిత్తరపోయి చూశాడు.

"చేను మాదన్నాడు గానీ అవ్వా, కొట్టం మాదనలేదు."

రెడ్డి చెయ్యి తనకు తెలియకుండానే మొలకు పోయింది. తాళంచెవి అక్కడే ఉంది, మొలతాడుకు, ఎప్పుడూ ఉండేచోటే. పట్నం పోయేటప్పుడు ఎవరి మీదో అనుమానంతో కట్టుకున్నది కాదు. అసలు దాన్ని ఇచ్చి పోవాలన్న ఆలోచనే అతనికి తట్టలేదు. చేనంతా రాసిచ్చే కాగితాల కోసం పోతూ చేనికి ప్రాణమైన కొట్టాన్ని మొలకు కట్టుకుని పోయాడు. ఆ సంగతి తలకెక్కగానే అతని కోపానికి నిలబడే చోటు లేకపోయింది. అయినా కోపం అంత తేలిగ్గా పోయేది కాదు గదా, ఇంకో దారి వెతుక్కుంది. మందు కొట్టొద్దని ఎన్నిసార్లు చెప్పలేదురా అని గద్దించాడు.

"కొట్టొద్దంటివి. ఏమిటికని ఎప్పుడు చెప్పినావు?" అన్నాడు పెన్నోబులేసు. అతని గొంతు కూడా ఇప్పుడు లేచింది. "కాశీకి పోయినోళ్లు వంకాయ ఇడిసినట్ల, అది నీ మొక్కనుకుంటిమి. చేను మాదైతే నీ మొక్కు మాకెందుకనుకుంటి."

ఎద్దుల కథ రెడ్డి చెప్పనిదెవరికి? కార్లలో వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పాడు. వేపచెట్టు నీడన కుర్చీలు వేయించి, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. ఆ కథ మొదలయ్యే వేళకు వచ్చినవాళ్లకు మజ్జిగ తెమ్మని పెన్నోబులేసును ఇంటికి తోలేవాడు. వాడు తిరిగొచ్చేసరికి కథ అయిపోయేది. అన్నేళ్లుగా ఆ మజ్జిగ గ్లాసులు మోసింది ఈ మనిషేనని రెడ్డికి ఇప్పుడు గుర్తొచ్చింది. సిగ్గుతో అతని మెడ వాలిపోయింది.

మొలతాడు ముడి చెమటకు బిగుసుకుపోయి ఉంది. గోళ్లతో లాగాడు, రాలేదు. పెన్నోబులేసు మొహం అటు తిప్పుకునే, చేతిలోని కొడవలిని పిడి వైపు నుంచి చాచాడు. రెడ్డి తాడు కోసి తాళంచెవి అతని ముందు పెట్టాడు.

అతను అందుకోలేదు. "నాకొక్కనికెందుకు? సోమవారం అందరి ముందర ఇయ్యి. సంతకం పెట్టి ఇయ్యి. పెట్టే మనసు లేకపోతే నీ మొలకే కట్టుకో" అని కంపకొమ్మ వైపు వంగాడు. అతని భార్య పొట్టేలు మాట ఎత్తబోయి, ఎందుకో మానుకుంది.

రెడ్డి పోయి కొట్టం తలుపు తెరిచాడు. మళ్లీ మూయలేదు. తిరిగొచ్చి కంపకొమ్మకు రెండో కొస పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి గట్టు దాకా లాగారు. ముళ్లు గీరుకుని రెడ్డి ముంజేతి మీద రక్తం కారింది. సోమవారం పొద్దున బస్సుకు రమ్మని అందరికీ నువ్వే చెప్పాల అని రెడ్డి అన్నాడు. చెప్తాలే అన్నాడు పెన్నోబులేసు, ఇంకా కోపంగానే.

బసమ్మవ్వ అప్పటికే గేటు దాటుతోంది. రెడ్డి వెనకనుంచి కేకేసి, ఈ మందు ఎన్నాళ్లకు పోతుందవ్వా అని అడిగాడు. ఆమె ఆగింది గానీ వెనక్కి తిరగలేదు.

"నేలలోది నాలుగు వానలకు పోతాదిలే చిదంబరా."