మూడు మడతల పరికిణీ

నాంచారమ్మకి అరవై ఏళ్ళు. కత్తెర పక్కనే ఉన్నా దారం పళ్ళతోనే తెంపేది. అనగనగా అనేంత పాత కథేం కాదు అమ్మలూ. దివిసీమలో ఒక ఊళ్ళో ఆవిడ కుట్టుమిషను తొక్కుతుంటే పక్కవీధి దాకా వినపడేది.

ఆవిడకి ఒక్కతే కూతురు. మనవరాలి పేరు హైమ. హైమ అనగానే నన్ను చూసి నవ్వకు, విను.

ఆవిడ కుట్టే పరికిణీకి అంచు దగ్గర మూడు మడతలుండేవి. పిల్ల పొడుగైనప్పుడల్లా దారం టప్‌మని పళ్ళతో తెంపి ఒక మడత విప్పేది. అప్పుడు హైమ చేతులు చాపి చుట్టూ తిరగాలి. అంచు సమంగా ఉందో లేదో అమ్మమ్మ చూడాలి. అదీ వాళ్ళ ఆట.

ఆ తర్వాత కూతురు జ్వరమొచ్చి పోయింది. హైమకి నాలుగేళ్ళు. నాయనమ్మ పిల్లని తీసుకుపోయి గేటు వేసేసింది.

నాంచారమ్మ ముందు ఆ గేటు దగ్గరికే వెళ్ళింది. "కూతురే లేకపోయాక ఇంకెక్కడి చుట్టరికం వదినా?" అంది వియ్యపురాలు.

అప్పుడు ఊరి పెద్దల దగ్గరికి వెళ్ళింది. "పిల్ల తండ్రి సొత్తు" అన్నారు. పురుడు ఎవరింట్లో పోశారో, ఉగ్గు ఎవరు పెట్టారో ఒక్క పెద్దమనిషికీ గుర్తురాలేదు. అలాంటివి వాళ్ళకి గుర్తుండవులే.

అప్పుడు కోర్టుకి వెళ్ళింది. రెండేళ్ళు తిరిగింది. "పిల్లని చూసే హక్కు అమ్మమ్మకుందని ఏ చట్టంలో రాసుంది?" అన్నాడు అవతలి వకీలు. "అసలు పిల్లకి ఈవిడ గుర్తే లేదు."

జడ్జీగారు పిల్లని తీసుకురమ్మన్నారు.

"ఈవిడెవరమ్మా?" అని అడిగితే హైమ నేలచూపులు చూసింది. నాయనమ్మ చెయ్యి వదల్లేదు. నాంచారమ్మ పిల్లని పైనుంచి కిందిదాకా చూసింది. తను ఆఖరిసారి కుట్టిచ్చిన పరికిణీయే! మోకాళ్ళ దాకా పొట్టిదైపోయింది. మడతలు మూడూ అలాగే ఉన్నాయి.

"అయ్యో, ఒక్కటీ విప్పలేదా!" అంటూ కోర్టన్న సంగతే మరిచి కింద కూర్చుంది. ఒక మడత దారం పళ్ళతో తెంపింది. టప్.

ఆ చప్పుడికి హైమ రెండు చేతులూ చాపింది. మెల్లగా చుట్టూ తిరిగింది.

"సమంగా ఉందా అమ్మమ్మా?" అంది.

వకీలు కాగితాలు సర్దుకున్నాడు. "పిల్ల మేలు చూడమంది చట్టం" అన్నారు జడ్జీగారు. "నెలకి రెండు ఆదివారాలు, వేసవి సెలవులు అమ్మమ్మ దగ్గర."

ఆ వేసవి తిన్న ముంజెల రుచి నాకిప్పటికీ నాలుక మీదే ఉంది.

ఆ తర్వాతా? నాలుగేళ్ళకి నాయనమ్మ కూతురూ కన్నుమూసింది. ఆ అల్లుడూ పిల్లల్ని చూడనివ్వకుండా గేటు వేశాడు. నాయనమ్మ తరపున కోర్టుకెళ్ళి సాక్ష్యం చెప్పింది నాంచారమ్మే.

కథేమో కంచికి, పిల్లలేమో అమ్మమ్మింటికి, గేటు తాళాలేమో పాత ఇనుముకి!