మద్దిలేటి ఎవరి దగ్గరున్నాడు?

మాఘ బహుళ తదియ, గురువారం, సాయంత్రం నాలుగు గంటలు. నాపరాళ్ళ క్వారీ బాటలో ఓబులు అనే గాడిద బరువుతో సహా కూలబడ్డాడు.

మా ఇంట్లో ఈ కథ ఎవరు చెప్పినా ఏ రోజో, ఏ వేళో ముందు చెప్పాలి. మరిచిపోతే మా నాయనమ్మ "మళ్ళీ మొదలుపెట్టు" అనేది. పోయినవాళ్ళ తిథిని ఎలా గుర్తుంచుకుంటామో, కష్టం వచ్చిన వేళనూ అలాగే గుర్తుంచుకోవాలని ఆమె పట్టుదల.

ఆ క్వారీ పక్కన ఒక కొట్టం ఉండేది. అందులో రాయి మోసే గాడిదలు, ఒక ముసలి ఆవు. గాడిదలకు పొద్దున రాయి, మధ్యాహ్నం రాయి, సాయంత్రం రాయి. వీపులన్నీ పుండ్లు. బరువు దించగానే పనికిరాని రాళ్ళ గుట్ట వెనక్కి చేరేవాళ్ళు. ఉమ్మెత్తకాయ తొక్కి, ఆ రసంలో తుమ్మముల్లు ముంచి, పళ్ళతో పట్టుకుని ఒకరి భుజంలో ఒకరు గుచ్చుకునేవాళ్ళు. కాసేపు నొప్పి తెలిసేది కాదు. అందరికీ ముల్లు ఒకటే. తోటివాడు ఇచ్చిన ముల్లును వద్దంటే వాణ్ణి వెలివేసినట్టే. "మేము ఒక్క ముల్లోళ్ళం" అని గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

ఆ ముల్లు మీదుగానే కొట్టంలోకి సన్నజబ్బు వచ్చింది. అది నెత్తురు నుంచి నెత్తురుకు పోతుంది, జోడు నుంచి జోడుకు పోతుంది, తల్లి నుంచి బిడ్డకు పోతుంది. ఒకే తొట్టిలో తాగితే రాదు, ఒకే మోపులో గడ్డి తింటే రాదు, పక్కన పడుకుంటే రాదు. ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా అందరూ తలాడించేవాళ్ళు. తలాడిస్తూనే తొట్టి కొంచెం అవతలికి జరుపుకునేవాళ్ళు.

సాయం చేసేవాళ్ళు లేకపోలేదు. ముగ్గురున్నారు.

రాళ్ళ గుట్టలో కాపురముండే ముళ్ళపంది కొండయ్య, తన ఒంటి నుంచి రాలిన ముళ్ళు ఏరి తలా ఒకటి ఇచ్చేవాడు.

"ఇది నీదిరా. నీ సొంత అన్న అడిగినా ఇయ్యొద్దు. వాడినాక నాకే తెచ్చియ్యి, కొత్తది ఇస్తా."

"మానుకోమని చెప్పవా చిన్నాయనా?" అని ఓబులు ఒకసారి అడిగాడు.

"చెప్తే మానుతావా?"

"మానలేను."

"అందుకే చెప్పను. ముందు బతికుండు. మానే రోజు వస్తే అప్పుడు మానుదువులే."

ముసలి ఆవు సుంకులమ్మ దగ్గర చేదాకు ఉండేది. రోజూ తెల్లవారుతూనే నమిలితే జబ్బు అణిగి ఉంటుంది. పోదు, అణిగి ఉంటుంది. ఆకు మానితే మళ్ళీ తల ఎత్తుతుంది. సుంకులమ్మ భక్తి గలది, నియమం గలది. గడప మీద ముందుకాలు పెట్టి, ఇక ముల్లు ముట్టనని ఒట్టు వేసినవాళ్ళకే ఆకు ఇచ్చేది. ఒట్టు తప్పినవాడు మళ్ళీ అడగడానికి వీల్లేదు.

మూడోది నరసక్క అనే కొంగ. కంటి రెప్పను ముక్కుతో ఎత్తి చూసిందంటే, జబ్బుందో లేదో తేల్చేసేది. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత కొట్టం కప్పు మీదికెక్కి, "ఫలానావాడికి ఉందంటోయ్! జాగ్రత్తగా ఉండండోయ్!" అని నాలుగు దిక్కులా వినిపించేది. దాచిపెడితే పాపం అనుకునేది పిచ్చితల్లి.

ముగ్గురూ మంచివాళ్ళే, ముగ్గురూ పొద్దంతా పనిచేసి అలిసిపోయినవాళ్ళే. అయినా ఒకరితో ఒకరికి మాటల్లేవు.

"ముళ్ళు పంచి పిల్లల్ని చెడగొడతాండాడు" అని సుంకులమ్మ.

"ఆకు ఇచ్చేదానికి ఒట్టెందుకు? ఆమె పెట్టేది తిండా, తీర్పా?" అని కొండయ్య.

"ఆ నోరు కాస్త మూసుకుంటే సగం జబ్బు పోతుంది" అని నరసక్క గురించి ఇద్దరూ.

ఓబులు ఆ ముగ్గురి మధ్యా నలిగాడు. నరసక్క కన్ను చూసి కప్పు మీద అరిచింది. ఆ రోజు నుంచి వాడి పక్కన ఎవరూ పడుకోలేదు. సుంకులమ్మ దగ్గర ఒట్టు వేసి ఆకు నమిలాడు, ఒంట్లోకి కొంచెం బలం వచ్చింది. ఒకరోజు వీపు పుండు పగిలి ఓర్చుకోలేక కొండయ్య ముల్లు వాడాడు. ఒట్టు పోయింది, ఆకు పోయింది. ఆ నీరసంతోనే రాయి మోసి, ఆ గురువారం సాయంత్రం బాటలో పడ్డాడు.

"ఏమబ్బీ, పడినావా?" అంటూ నక్క వచ్చి పక్కన కూర్చుంది. "లేద్దువులే, తొందరేముంది."

"దగ్గరికి రావద్దు మామా. నాకు జబ్బు."

"తెలుసులేరా. మీ నరసక్క చెప్పింది గదా, అవతలి కొండకు గూడా వినబడింది. ఆకు తింటాండావా?"

"ఒట్టు తప్పినా. పెద్దమ్మ ఇయ్యదు."

"అయ్యో. ఆ చెవి సందున ఏముంది, కొండయ్య ముల్లా? పారెయ్ ముందు. జబ్బంతా అందులోనే ఉంది."

"చిన్నాయన ముల్లులోనా?"

"నా మాట నమ్మొద్దు, నువ్వే తలుచుకో. నరసక్క ఇంతవరకూ ఎవరెవరి పేర్లు అరిచింది? వాళ్ళందరూ కొండయ్య దగ్గర ముల్లు తీసుకున్నోళ్ళే గదా?"

ఓబులు తలుచుకున్నాడు. నిజమే. భయమున్నవాళ్ళే ముల్లు కోసం పోతారు, భయమున్నవాళ్ళే కన్ను చూపిస్తారన్న సంగతి వాడికి తట్టలేదు. ఒంట్లో బలం లేనప్పుడు ఎవరు మెత్తగా మాట్లాడితే వాళ్ళు చెప్పిందే నిజమనిపిస్తుంది. చెవి విదిలించి ముల్లు కింద పడేశాడు.

"కింద వంకలో నీడుంది, నీళ్ళుండాయి. ఒట్టు అడిగేవాళ్ళు లేరు, అరిచేవాళ్ళు లేరు. మీ కొట్టంలో గాడిద మద్దిలేటి, కొన్నాళ్ళుగా కనబడలే గదా, వాడు గూడా అక్కడికే వచ్చినాడు."

"మద్దిలేటా? ఎట్లుండాడు మామా?"

"వానికిప్పుడు ఏ నొప్పీ లేదు" అంది నక్క. ఆ ఒక్క మాట మాత్రం నిజమే.

ఓబులు బరువు దులిపేసి దాని వెనకే నడిచాడు.

కాసేపటికి కొండయ్య ఆ బాటన వచ్చాడు. మట్టిలో పడి ఉన్న తన ముల్లును చూశాడు, గుర్తుపట్టాడు. వాడిన ముల్లైతే ఓబులు తెచ్చియ్యాలి, పారేయడు. అనుమానం వచ్చి, ఎన్నడూ తొక్కని కొట్టం గడప దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"వదినా, ఓబులు ఉండాడా?"

సుంకులమ్మ నెమరు ఆపలేదు. "నా దగ్గర ఎందుకుంటాడు? ఒట్టు తప్పినాడు. నీ దగ్గరికే వచ్చింటాడు ముళ్ళకు."

"నా దగ్గరికి రాలే. జబ్బు ముదిరింది గదా, నువ్వే దగ్గర పెట్టుకునింటావు అనుకున్నా."

సుంకులమ్మ నెమరు ఆగింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఎన్నాళ్ళకో చూసుకున్నారు.

"కొండయ్యా" అంది ఆమె నెమ్మదిగా. "మరి మద్దిలేటి నీ దగ్గరే ఉండాడు గదా?"

"మద్దిలేటా? వాడు ఒట్టు వేసి నీ దగ్గర చేరినాడని నేను సంతోషపడితిని."

"వాడు ఒట్టు వెయ్యలే. ముళ్ళు విడవలేక నీ దగ్గరికి పోయినాడని నేను బాధపడితిని."

కప్పు మీద నరసక్క రెక్క సర్దుకుంది. ఈసారి అరవలేదు. కిందికి దిగి గడప మీద వాలింది.

"మద్దిలేటి నక్క మామ వెంబడి వంకలోకి దిగేది నేను చూసినా. మీ ఇద్దరిలో ఎవరో పంపించింటారు అనుకున్నా. ఇప్పుడు ఓబులు గూడా..."

"ఇప్పుడా?"

"ఇప్పుడే."

"లోకానికంతా వినబడేట్టు అరుస్తావు గదే, ఇది ఎందుకు అరవలేదు?" అన్నాడు కొండయ్య.

"మీరు అడిగితే గదా చెప్పేది. మీరు నాతో మాట్లాడితే గదా."

సుంకులమ్మ కళ్ళు మూసుకుని దేవుణ్ణి తలుచుకుంది. తర్వాత లేచింది. మోకాళ్ళ నొప్పితో లేవడానికి కొంచెం సేపు పట్టింది.

"పదండి. ఏడ్చేది తర్వాత ఏడుద్దాం. కొండయ్యా, వంకలో నుంచి పైకి వచ్చే ఆ రాళ్ళ సందు ఎంత ఇరుకు?"

"నక్క పడుతుంది. తిరుక్కోవడానికి పట్టదు."

"నువ్వు పై కొసన కూర్చో. నేను కింది కొస మూస్తా. నరసక్కా, దాన్ని ఆ సందులోకి ఎక్కించేది నీ పని. నిన్ను నమ్ముతుందా?"

"మనల్ని నమ్మదు వదినా. మన తగవును నమ్ముతుంది."

పొద్దు ఇంకా కొండ మీదే ఉంది. వంకలో ఓబులు నేలకు ఒరిగి ఉన్నాడు. నక్క కొంచెం దూరంలో కాళ్ళు ముడుచుకుని ఓపిగ్గా కూర్చుంది. నరసక్క వాలింది.

"మామా, పై బాటలో ఇంకో గాడిద పడింది. బలిసినవాడు. అక్కడ చూసే దిక్కు లేదు."

నక్క చెవులు నిక్కబొడుచుకుంది. "సుంకులమ్మ పట్టించుకోలేదా?"

"వాడు ఒట్టు వెయ్యలేదంట."

"కొండయ్యో?"

"ముల్లు తిరిగి తెచ్చియ్యలేదని అలిగినాడు."

"వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటే?"

"ఎప్పుడన్నా చూసినావా మామా, వాళ్ళు మాట్లాడుకోగా?"

నక్క పకపకా నవ్వింది. "అదే గదా నా అదృష్టం" అంటూ దగ్గరిదారి పట్టి రాళ్ళ సందులోకి దూరింది. అది దూరగానే, పొదచాటున నిలబడ్డ సుంకులమ్మ వచ్చి కింది కొసకు తన పక్క ఆనించి నిలబడింది. నక్క ఎక్కుతూ ఎక్కుతూ, మలుపులో కొండయ్య వీపు మీదికే ఉరికింది. మూతి నిండా ముళ్ళు దిగాయి. వెనక్కి జరిగితే ఆవు, ముందుకు పోతే ముళ్ళు.

"చచ్చినా! చచ్చినా! నరసక్కా, నా కన్ను చూడు, జబ్బు అంటిందేమో చూడు!"

ఆ కేక విని ఓబులు తల ఎత్తాడు. "మామా, ముల్లులో జబ్బుందని నువ్వే గదా చెప్పింది?"

"అవి ఒంటి మీద ముళ్ళురా, ఇంతవరకూ ఎవరికీ గుచ్చనివి" అన్నాడు కొండయ్య. "అందులో ఏ జబ్బూ లేదు. ఆ సంగతి నీ మామకు నీకంటే బాగా తెలుసు. మరి ఎందుకు మామా అంత భయం?"

నక్క మూతి నుంచి నెత్తురు కారుతోంది. గొంతు తగ్గించి, "నా చిగుళ్ళు ఎప్పటినుంచో పగిలి ఉండాయి" అంది.

జబ్బున్న మద్దిలేటిని తిన్నది ఆ పగిలిన నోటితోనేనని అందరికీ అర్థమైంది. నరసక్క వంకలోకి పోయి వెతికి, పొద కింద నుంచి ఒక చిన్న గంటను ముక్కున కరుచుకుని వచ్చింది. మద్దిలేటి మెడలోది. సుంకులమ్మ దాన్ని చూసి మొహం తిప్పుకుంది.

"ఈ నక్కను తొక్కేద్దామా వదినా?" అన్నాడు కొండయ్య.

"నాకు ఓపిక లేదయ్యా" అంది సుంకులమ్మ. కొంచెం పక్కకు జరిగి దారి ఇచ్చింది. "పో. నువ్వు చేసినదాన్ని దేవుడు అడుగుతాడు. నేను ముందు ఈ పిల్లోణ్ణి ఇంటికి చేర్చుకోవాల."

ఆమె వంకలోకి దిగి, ఓబులు పక్కన మోకరిల్లి చేదాకు నోట్లో పెట్టింది.

"ఒట్టు వెయ్యాలి గదా పెద్దమ్మా" అన్నాడు ఓబులు.

"నమలు" అంది.

మరుసటి పొద్దున కొట్టంలో ముందుగా మద్దిలేటి గంటను గుమ్మానికి కట్టారు. గడప మీద ఒట్టు తీసేశారు. నరసక్క కప్పు ఎక్కలేదు, ఒక్కొక్కరి కన్ను చూసి, చెవిలో మాత్రమే చెప్పింది. కొండయ్య తన ముళ్ళ గంపను తెచ్చి చేదాకు కట్ట పక్కనే పెట్టాడు. జబ్బున్నవాళ్ళూ లేనివాళ్ళూ అందరూ వరుసలో నిలబడ్డారు. తలా ఒక మోదుగాకు చుట్ట తీసుకున్నారు. కొన్నిటిలో చేదాకు, కొన్నిటిలో ఉత్త గడ్డి. ఏది ఎవరికన్నది ఇచ్చినవాళ్ళకే తెలుసు. ఎవరన్నా రాకపోతే, ఆ పూటే ముగ్గురూ ఒకచోట కూర్చుని "వాడు ఎవరి దగ్గరున్నాడు?" అని ఒకరినొకరు అడగాలని అనుకున్నారు. ఓబులు పక్కన ఎవరో తొట్టి ఇవతలికి జరిపారు.

వరుస అయిపోయాక చూస్తే, దూరంగా రాయి మీద నక్క. మూతి వాచిపోయి ఉంది.

"దానికీనా?" అన్నాడు కొండయ్య.

"ఒట్టు అడగకుండా ఇస్తామని పొద్దునే గదయ్యా అనుకున్నాం" అంది సుంకులమ్మ. ఆ గొంతులో ప్రేమ లేదు, అలసట ఉంది. నక్కను గడప మాత్రం దాటనివ్వలేదు. నరసక్క ఎగిరిపోయి దాని రెప్ప ఎత్తి చూసింది, చెవిలో ఏదో చెప్పింది, రాయి మీద ఒక చుట్ట పెట్టి వచ్చేసింది. ఆ చుట్టలో ఉన్నది ఆకో, గడ్డో ఇచ్చినవాళ్ళకు తప్ప కొట్టంలో ఎవరికీ తెలియదు. నక్క దాన్ని కరుచుకుని, తల వంచుకుని వంక దారిన పోయింది.

సాయం చేసేవాళ్ళు ఒకరితో ఒకరు మాట్లాడుకోని చోటే నక్కకు దారి దొరుకుతుంది.